హైవే పక్క ఊళ్లవాళ్లు రోడ్డెక్కేటప్పుడు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

చెన్నై నుంచి కోల్‌కతా పోయే పదహారో నంబరు జాతీయ రహదారిని మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డనే అంటారు. నెల్లూరు, కోవూరు, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు, మద్దిపాడు... ఇన్ని ఊళ్లను ఆనుకుని పోతుంది. చాలా ఊళ్లలో ఇల్లు ఒక పక్కన ఉంటే పొలం ఇంకో పక్కన ఉంటుంది. బడి, రేషన్ షాపు, బస్టాపు, గుడి ఇలా ఏదో ఒకటి రోడ్డుకు అవతల ఉంటుంది. చెన్నై నుంచి వచ్చే లారీ డ్రైవరుకు అది హైవే. మనకు అది రోజూ దాటే వీధి. ఆ డ్రైవరు నూరు కిలోమీటర్ల దూరం మనసులో పెట్టుకుని వస్తాడు, మనం పాల క్యాను పట్టుకుని అటు పక్కకు పోవాలనుకుంటాం. ప్రమాదాలు పుట్టేది అక్కడే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లు, 32,825 మంది నడిచి పోతున్నవాళ్లు. అంటే పోయిన ప్రాణాల్లో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ ఈ రెండు వర్గాలవే. మన ఊళ్లలో రోడ్డెక్కే వాళ్లలో ఎక్కువమంది కూడా వీళ్లే.

కింద రాసినదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. రోడ్డు మీద మీరు చేయబోయే పని ఎదుటివాడి ఊహకు ముందే అందాలి. మీరు కనబడాలి, మీరెటు పోతారో తెలియాలి, తెలిశాక ఆగడానికి అతనికి సమయం దొరకాలి. ఈ మూడింటిలో ఒకటి తప్పినా బ్రేకు పడేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. బండి నడిపేవాళ్లకు, నడిచి పోయేవాళ్లకు ఇద్దరికీ ఇదే వర్తిస్తుంది.

1. ఇంటి ముందే చూసుకోవాల్సినవి

బండి తీసే ముందు వెనక ఎర్ర లైటు వెలుగుతోందో లేదో చూడండి. ముందు లైటు పోతే చీకట్లో మనకే తెలుస్తుంది కాబట్టి వెంటనే బాగు చేయించుకుంటాం. వెనక లైటు పోయినా, బ్రేకు నొక్కినప్పుడు వెలగకపోయినా మనకు తెలియదు, వెనక వచ్చే లారీకి తెలుస్తుంది. రాత్రిపూట ఇంటి గోడ దగ్గర బండి ఆపి బ్రేకు నొక్కితే గోడ మీద ఎర్రగా వెలుగు పడుతుంది, అదే పరీక్ష. ఆ తర్వాత రెండు ఇండికేటర్లు, టైర్లలో గాలి, రెండు బ్రేకులు. అద్దాలు పీకేసి తిరిగే కుర్రాళ్లు వాటిని మళ్లీ బిగించుకోవాలి. హైవే మీద వెనక ఏముందో చూడకుండా పక్కకు జరగడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

హెల్మెట్ గురించి తెలియనివాళ్లు లేరు, పెట్టుకోనివాళ్లు చాలామంది ఉన్నారు. సరిగ్గా పెట్టుకుంటే తలకు దెబ్బ తగిలే అవకాశం 69 శాతం, చనిపోయే అవకాశం 42 శాతం తగ్గుతుందని అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది. సరిగ్గా అంటే గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టిన తర్వాత వెనక నుంచి పైకి నెట్టి చూడండి, ఊడి వస్తే ఆ హెల్మెట్ పడ్డప్పుడు కూడా ఊడిపోతుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే అంకె చూసుకోండి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్లు అమ్మడం చట్టవిరుద్ధం. అయినా రోడ్డు పక్కన ప్లాస్టిక్ టోపీల్లాంటివి వేలాడుతూనే ఉంటాయి, అవి చలానా నుంచి తప్పిస్తాయేమో గానీ తలను కాపాడవు. ఒకసారి గట్టిగా కింద పడ్డ హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాల్సిందే. వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ తప్పనిసరి. మన జిల్లాల్లో ఇది అసలు అమలు కావడం లేదని నా బాధ. భర్త తలకు హెల్మెట్ ఉంటుంది, వెనక భార్య తలకు, మధ్యలో పిల్ల తలకు ఏమీ ఉండదు.

చీర కొంగు, చున్నీ వెనక చక్రంలో చిక్కుకుని పడిపోయేవాళ్లను ప్రతి ఊరూ చూసింది. చీర గార్డు బండితోనే వస్తుంది, దాన్ని తీయించొద్దు. కొంగును నడుముకు దోపుకోవాలి, చున్నీని వెనక ముడి వేసుకోవాలి. ఒక పక్కకు కూర్చునేవాళ్లు కాళ్లు గాలిలో వేలాడదీయకుండా ఫుట్‌రెస్టు మీద పెట్టాలి.

కాగితాల సంగతి. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ ఉంటే చాలు. ఇన్సూరెన్స్ కాగితంలో మాత్రం ఒక వరస తప్పకుండా చదవండి. బండి యజమానే నడుపుతూ చనిపోతే కుటుంబానికి 15 లక్షల రూపాయలు వచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా ఉందా లేదా? 2019 నుంచి ఇది ఈ మొత్తానికి ఉంది. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే మీ బండి తగిలి దెబ్బతిన్నవాళ్లకు డబ్బు వస్తుంది, మీ ఇంట్లోవాళ్లకు రాదు. నడిపే మనిషికి సరైన లైసెన్సు లేకపోతే ఈ 15 లక్షల మాట కూడా ఉండదు. లైసెన్సు గడువు తీరి ఎన్నేళ్లయిందో చూసుకోనివాళ్లు ఈ రోజే చూసుకోండి.

2. ఊరి రోడ్డు నుంచి హైవే ఎక్కడం

ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే జరగడానికి కారణం ఉంది. ఊరి రోడ్డులో 30 వేగంతో వచ్చిన బండి, 90తో పోతున్న వాహనాల మధ్యకు ఒక్కసారిగా దూరుతుంది.

హైవే అంచుకు రాగానే పూర్తిగా ఆగాలి. మెల్లగా దొర్లుతూ తల తిప్పి చూస్తే సరిపోదు, కాలు నేల మీద పెట్టి ఆగాలి. కుడి వైపు చూడాలి, తర్వాత ఎడమ వైపు, మళ్లీ కుడి వైపు. మనం ఎడమ పక్కకు ఎక్కుతున్నాం కాబట్టి ఎదురొచ్చేవాళ్లు ఉండరనుకోవద్దు. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లు ఎడమ నుంచే వస్తారు. సర్వీసు రోడ్డు ఉన్నచోట ముందు దాని మీదకు పోయి, హైవేలో కలిసే చోటు దాకా దాని మీదే నడపండి. ఎక్కాక వెంటనే కుడి లేనుకు పోవద్దు. ఎడమ లేనులోనే వేగం పెంచుకుంటూ, చుట్టూ ఉన్నవాళ్ల వేగానికి దగ్గరయ్యాకే అవసరమైతే లేను మారాలి.

ఇక రాంగ్ రూట్. అవతల పక్కకు పోవాలంటే రెండు కిలోమీటర్లు ముందుకు పోయి తిరిగి రావాలి, పెట్రోలు దండగ అని ఎదురుగా బండి నడుపుతారు. రెండు కిలోమీటర్లు పోయి రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఒక్కొక్కటి 60తో వస్తుంటే వాటి మధ్య దూరం 120 వేగంతో తగ్గిపోతుంది, సెకనుకు 33 మీటర్లు. ఇద్దరు డ్రైవర్లలో ఎవరికీ ఆలోచించే వ్యవధి ఉండదు. అంతకంటే ముఖ్యంగా, హైవే మీద వచ్చేవాడు ఆ పక్క నుంచి ఒక మనిషి ఎదురవుతాడని ఊహించనే ఊహించడు.

డివైడర్ పగలగొట్టి చేసుకున్న దారులు ఇంకా ప్రమాదం. ట్రాక్టరు, ట్రక్కు కలిపితే పొడవెంతో చూడండి. డివైడర్ మధ్యలో ఆగితే వెనక భాగం ఫాస్ట్ లేనులో అడ్డంగా ఉండిపోతుంది. ట్రాక్టరుతో దాటాలంటే అండర్‌పాస్ గానీ, అధికారికంగా ఇచ్చిన క్రాసింగ్ గానీ ఎంత దూరమైనా అక్కడికే పోవాలి.

3. హైవే మీద నడిపేటప్పుడు

డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం కారుకు 100, టూవీలర్‌కు 80, ఆటోకు 50 కిలోమీటర్లు. బోర్డు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే బోర్డే చెల్లుతుంది. మామూలు రెండు లేన్ల రోడ్డు మీద కారుకు 70, టూవీలర్‌కు 60.

ఆ వేగాల అర్థం ఆగే దూరంలో తెలుస్తుంది. ప్రమాదం కంట్లో పడి కాలు బ్రేకు మీద పడేసరికి సుమారు ఒకటిన్నర సెకను పోతుంది, ఆ తర్వాతే బ్రేకు పని మొదలవుతుంది. పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగున్న కారు 40 వేగంలో ఆగడానికి దాదాపు 26 మీటర్లు కావాలి. 60లో 45 మీటర్లు. 80లో 70 మీటర్లు. 100లో దాదాపు 100 మీటర్లు. వేగం 40 నుంచి 80కి, అంటే రెండింతలకు పెరిగితే ఆగే దూరం మూడింతలకు దగ్గర పడుతుంది. కృష్ణపట్నం రేవుకు పోయే లోడు లారీలకు, చీమకుర్తి నుంచి గ్రానైటు దిమ్మెలు మోసే ట్రెయిలర్లకు ఇంకా ఎక్కువ కావాలి. అందుకే అలాంటి బండి ముందు ఉన్నట్టుండి దూరి బ్రేకు కొట్టకూడదు. ఆ డ్రైవరు ఎంత మంచివాడైనా ఆ బరువును అతను ఆపలేడు.

ముందు బండికి మీకు మధ్య మూడు సెకన్లు ఉంచండి. ముందు బండి ఒక చెట్టునో బోర్డునో దాటగానే తాపీగా ఒకటో సెకను, రెండో సెకను, మూడో సెకను అని లెక్కపెట్టండి. లెక్క పూర్తికాకుండానే మీరు అక్కడికి చేరితే దగ్గరగా పోతున్నట్టు. వానలో ఆ లెక్కను రెట్టింపు చేయండి.

పెద్ద లారీకి తన ఎడమ పక్కన, వెనక సరిగ్గా ఆనుకుని ఉన్న టూవీలర్ కనబడదు. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపిస్తే మీరు అతనికి కనిపిస్తారు, లేకపోతే కనిపించరు. అలాంటి చోట ఉండిపోవద్దు, వెనక్కు తగ్గండి, లేదా కుడి నుంచి త్వరగా దాటి పోండి.

పొదిలి, కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు రెండు లేన్ల రోడ్ల మీద ఓవర్‌టేక్ చేయడం వేరే విద్య. అక్కడ ముందు లారీ డ్రైవరు ఇండికేటరు వేసి "పో" అని సైగ చేసే అలవాటు పాతది. కొందరు ఎడమ ఇండికేటరు వేస్తారు, కొందరు కుడిది వేస్తారు. అదే కుడి ఇండికేటరు నిజంగా కుడి పక్కకు తిరగడానికి కూడా వేస్తారు. దాన్ని నమ్మి దూకినవాళ్లు తిరుగుతున్న లారీ పక్కకు పోయి తగిలారు. రోడ్డు మీకు మీ కళ్లతో ఖాళీగా కనబడితేనే దాటండి. వంపు దగ్గర, కల్వర్టు దగ్గర, మధ్యలో గీత తెగకుండా ఉన్నచోట ఎవరు సైగ చేసినా ఆగండి. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో దిగాలి. పైకి వచ్చే బండికి దారి ఇవ్వాలి.

ఫోన్ గురించి ఒకే లెక్క. 80 వేగంలో మూడు సెకన్లు ఫోన్ చూస్తే బండి 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టు. హెల్మెట్‌లో ఫోన్ దూర్చుకుని మాట్లాడేవాళ్లకు చేతులు ఖాళీగానే ఉంటాయి, ధ్యాస ఉండదు. మందు తాగి నడపడం గురించి ఇంకా తక్కువ చెప్పినా చాలు. రక్తం 100 మిల్లీలీటర్లలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పెళ్లికి, పేరంటానికి కారులో పోయేటప్పుడు తిరుగు ప్రయాణంలో నడిపేదెవరో పోయేముందే తేల్చుకోండి. వెనక సీటులో కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి, లేకపోతే వాళ్లు వచ్చి ముందు సీటులో ఉన్నవాళ్ల మీద పడతారు.

4. నడిచి హైవే దాటడం

ఈ మార్గదర్శి మొత్తంలో నేను అందరూ చదవాలని కోరుకునే భాగం ఇదే. డ్రైవర్లకు లైసెన్సు పరీక్ష ఉంది, నడిచేవాళ్లకు ఎవరూ ఏమీ నేర్పరు.

మన హైవే మీద ఒక్కో వైపు రెండు, చాలాచోట్ల మూడు లేన్లు ఉన్నాయి. మూడు లేన్లు అంటే పదిన్నర మీటర్లు. మామూలుగా నడిచే మనిషికి దాటడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు, పిల్లను నడిపించుకుపోయే తల్లికి పదమూడు సెకన్లు. 100 వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 28 మీటర్లు వస్తుంది. ఈ రెండూ కలిపి చూస్తే, మీరు అడుగు పెట్టే సమయానికి ఆ కారు కనీసం పావు కిలోమీటరు దూరంలో ఉండాలి. పెద్దవాళ్లు దాటుతుంటే 360 మీటర్లకు పైగా ఉండాలి. "అంత దూరంలో ఉందిలే" అని మనం అనుకునే దూరం చాలాసార్లు ఇందులో సగం కూడా ఉండదు.

దూరం అంచనా వేయడానికి రోడ్డు అంచునే ఒక కొలత ఉంది. చాలాచోట్ల కిలోమీటరు రాళ్ల మధ్య 2, 4, 6, 8 అని అంకెలున్న చిన్న రాళ్లు ఉంటాయి. ఒక్కో రాయికి మధ్య 200 మీటర్లు. మీ ఊరి దగ్గర ఆ రాళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. ఒక రాయి పక్కన నిలబడితే, వాహనం అటు రెండో రాయికి ఇవతలకు వచ్చేసిందంటే ఇక దాటవద్దు.

దాటే విధానం ఇది. అండర్‌పాస్ గానీ, ఫుట్ బ్రిడ్జి గానీ ఉంటే పది నిమిషాలు ఎక్కువైనా అక్కడికే పోండి. లేకపోతే రోడ్డు రెండు వైపులా దూరం దాకా నిటారుగా కనబడే చోటు ఎంచుకోండి. వంపు దగ్గర, ఆగి ఉన్న లారీ చాటు నుంచి, బస్సు ముందు నుంచి దాటకూడదు. బస్సు దిగినవాళ్లు ముందు బస్సును పోనివ్వాలి, ఆ తర్వాత దాటాలి. బస్సు ముందు నుంచి బయటికి వచ్చే మనిషి పక్క లేనులో వచ్చే బండికి చివరి క్షణం దాకా కనబడడు. రోడ్డును రెండు విడతలుగా దాటండి. మొదట డివైడర్ దాకా పోయి అక్కడ ఆగి, ఇటు తిరిగి రెండో వైపు కొత్తగా చూసుకోండి. మొదటి సగం దాటేశామన్న ఊపులో రెండో సగం దాటేవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారు.

దాటేటప్పుడు పరిగెత్తకండి. పరిగెత్తితే చెప్పు జారుతుంది, చేతిలో సంచి పడుతుంది, దాని కోసం వెనక్కు వంగుతారు. ఒకసారి మొదలుపెట్టాక వెనక్కు తిరగకండి కూడా. డ్రైవరు మీరు ముందుకు పోతారని అంచనా వేసి వెనక భాగం నుంచి పోయేలా తిప్పుతాడు. మీరు సగంలో ఆగి వెనక్కు వస్తే అతని అంచనా తప్పుతుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకరి వెనక ఒకరు వరసగా దాటకుండా, పక్కపక్కన కలిసి ఒకేసారి దాటండి. పిల్లల చేతివేలు పట్టుకుంటే జారిపోతుంది, మణికట్టు పట్టుకోండి. గేదెలను దాటించేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక ఉండి మొత్తం మందను ఒకే విడతలో దాటించాలి. పగటి వెలుతురులోనే ఆ పని ముగించాలి.

రోడ్డు వెంబడి నడవాల్సి వస్తే, ఫుట్‌పాత్ లేనిచోట కుడి అంచున నడవండి. అప్పుడు ఎదురుగా వచ్చే వాహనం మీకు కనబడుతుంది, అవసరమైతే పక్కకు జరగొచ్చు. ఎడమ అంచున నడిచేవాళ్లకు వెనక ఏం వస్తుందో తెలియదు.

డ్రైవర్లకు ఇందులో ఒక బాధ్యత ఉంది. ఊరి పేరు బోర్డు, బస్ షెల్టరు, టీ బంకు, మామిడిపళ్ల గంపలు కనబడితే అక్కడ మనుషులు రోడ్డు దాటుతారని అర్థం. ఎండాకాలం ఉలవపాడు దగ్గర రోడ్డు పొడవునా మామిడిపళ్ల దుకాణాలుంటాయి, కార్లు ఉన్నట్టుండి ఆగుతాయి, మనుషులు అటూ ఇటూ నడుస్తారు. అక్కడ వేగం తగ్గించాలి. పళ్లు కొనేవాళ్లు కూడా కారును తారు మీద ఆపకుండా పూర్తిగా మట్టి మీదకు దించాలి. నెల్లూరు, ఒంగోలు ఊళ్ల లోపల జీబ్రా గీతల మీద మనిషి అడుగు పెట్టి ఉంటే బండి ఆపి పంపడం డ్రైవరు విధి. హారన్ కొడుతూ అతన్ని పరిగెత్తించడం ఆ మనిషి హక్కును లాక్కోవడమే.

5. చీకటి పడ్డాక

ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి, లైటు డిమ్‌లో ఉన్న డ్రైవరుకు 30, 40 మీటర్ల దగ్గరకు వచ్చాకే కనబడతాడు. 80 వేగంలో ఆగడానికి 70 మీటర్లు కావాలని పైన చూశాం. మనిషి కనబడేసరికే బండి ఆగే దూరం దాటిపోయి ఉంటుంది. మెరిసే టేపు కట్టుకుంటే అదే మనిషి వంద మీటర్ల పైనుంచే కనబడతాడు. చేతికో, సంచికో, చెప్పు వెనకో రెండు అంగుళాల టేపు ముక్క అతికిస్తే చాలు. కదిలే చోట, అంటే చీలమండ దగ్గర అంటిస్తే అది మనిషి నడక అని డ్రైవరు వెంటనే గుర్తిస్తాడు.

కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు నల్ల బట్టల్లో తెల్లవారుజామునే నడుస్తుంటారు. తిరుమల కాలినడక భక్తులు కూడా ఎండ తప్పించుకోవడానికి రాత్రిళ్లు హైవే వెంబడి నడుస్తారు. మీ బృందంలో ముందు నడిచేవారికి, చివర నడిచేవారికి మెరిసే చొక్కా వేయండి, చివరి మనిషి చేతిలో ఎర్ర లైటు ఉంచండి. సర్వీసు రోడ్డు ఉన్నంత మేర దాని మీదే నడవండి. రోడ్డు అంచున పడుకుని విశ్రాంతి తీసుకోవడం అస్సలు వద్దు.

ఎదురు బండి కనబడగానే డిమ్ చేయాలి. అవతలివాడు చేయలేదని మీరు కూడా ఫుల్ లైటు వేస్తే రోడ్డు మీద ఇద్దరు గుడ్డివాళ్లు మిగులుతారు. లైటు కళ్లలో పడితే రోడ్డు ఎడమ అంచు తెల్ల గీతను చూస్తూ వేగం తగ్గించండి. ఎదురుగా ఒకే లైటు వస్తుంటే అది బైకే అనుకోవద్దు, ఒక లైటు పోయిన లారీ కూడా కావచ్చు.

బండి చెడిపోయి ఆగితే వెంటనే నాలుగు ఇండికేటర్లు వేసి, మామూలు రోడ్డు మీద కనీసం 50 మీటర్లు, హైవే మీద 100 మీటర్ల వెనక ఎర్ర ముక్కోణం బోర్డు పెట్టండి. చెట్టు కొమ్మ, రాళ్లు పెట్టి వదిలేసి, బండి తీసుకుపోయేటప్పుడు ఆ రాళ్లను అక్కడే విడిచిపోవడం మన దగ్గర పెద్ద దురలవాటు. ఆ తర్వాత వచ్చే బైకు ఆ రాయి మీదే పడుతుంది.

6. రోడ్డు మీద వడ్లు, ట్రక్కులో కర్రలు

వరి కోతల కాలంలో నెల్లూరు జిల్లా రోడ్ల మీద వడ్లు ఆరబోయడం అందరికీ తెలిసిందే. రైతుకు కల్లం లేదు, తేమ ఎక్కువుంటే ధాన్యం కొనరు. ఆ ఇబ్బంది నిజమైనదే. గ్రామానికో సిమెంటు కల్లం అడగడం న్యాయమైన కోరిక, దాని కోసం గట్టిగా పట్టుబట్టాలి. కానీ రోడ్డు మీద వడ్లు, వాటి అంచున రాళ్లు, రాత్రి కప్పిన నల్ల పట్ట... ఇవి చీకట్లో బైకు మీద వచ్చేవాడికి కనబడవు. హైవే మీద, సర్వీసు రోడ్డు మీద ఆరబోయకండి. ఊరి లోపలి రోడ్డు మీద తప్పదంటే ఒక పక్కనే పోయండి, వంపు దగ్గర వద్దు, రాళ్లకు బదులు ఇసుక మూటలు పెట్టండి, పొద్దుగూకేలోపు కుప్ప చేసి రోడ్డు దించేయండి.

ప్రకాశం వైపు సుబాబుల్, జామాయిల్ కర్రల ట్రక్కులు ఇంతకంటే భయం. కర్రలు ట్రక్కు చివర నుంచి ఎంతో దూరం బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి, వెనక లైటు వాటి చాటున పడిపోతుంది. లోడు ట్రక్కు దాటి బయటికి రాకూడదు. ట్రక్కు వెనక రెండు మూలలా ఎర్ర రేడియం టేపు వెడల్పుగా అతికించండి. దాని ఖర్చు ఒక టీ, టిఫిను ఖర్చును మించదు.

7. కూలీల ఆటోలు

నాట్లకు, మిరప కోతలకు, పొగాకు పనులకు తెల్లవారుజామున ఆటోల్లో పోయే ఆడవాళ్లు. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పది, పన్నెండు మంది. డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చుంటే అతని మోచెయ్యి కదలదు, హ్యాండిలు తిప్పే వీలుండదు. అలాంటి ఆటో బోల్తా పడితే ఒక ఊరి వీధి వీధంతా ఏడుస్తుంది.

మేస్త్రిగారికి, పని పెట్టే రైతుకు నా మాట ఇది: కూలీలను పొలానికి చేర్చే బాధ్యత మీది, రెండో ఆటో ఖర్చు కూలి లెక్కలోనే వేయండి. కూలీలు కూడా డ్రైవరు పక్కన కూర్చోబోమని, వెనక రాడ్డు పట్టుకుని నిలబడబోమని కలిసి చెబితే డ్రైవరు వినక తప్పదు. ట్రాక్టరు ట్రక్కులో, గూడ్స్ బండిలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం ఇవ్వబోమని కోర్టులో వాదించడానికి అదే మొదటి కారణం అవుతుంది. ఆ భారం చివరకు ట్రాక్టరు యజమాని ఆస్తి మీద పడుతుంది.

8. వానాకాలం

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మొదటి జల్లు పడ్డ పది, ఇరవై నిమిషాలు రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి బాగా జారుతుంది. రొయ్యల బండ్ల నుంచి కారే ఐసు నీళ్లు కూడా అంతే. 2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. రోడ్డు మీద పారే నీళ్లలోకి బండి దించకూడదు. ఒక అడుగు లోతు పారే నీరు చిన్న కారును పక్కకు నెట్టేయగలదు, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. నెల్లూరు రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలిస్తే ముందు పోయిన బస్సును చూసి వెనకే పోవద్దు, తిరిగి వేరే దారి పట్టండి.

9. పిల్లలు, బడి, బండి తాళం

నాలుగేళ్లు దాటిన పిల్లకు హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవారికి బెల్టుతో కట్టి, తలకు హెల్మెట్ పెట్టి, బండిని 40 దాటకుండా నడపాలని 2022లో నిబంధన వచ్చింది. పెట్రోలు ట్యాంకు మీద పిల్లను కూర్చోబెడితే బ్రేకు పడ్డప్పుడు ముందు ఎగిరేది ఆ పిల్లే.

పదో తరగతి, ఇంటర్ పిల్లవాడికి తాళం ఇచ్చే తల్లిదండ్రులు ఈ చట్టం వినాలి. 2019లో వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. చదువుకుని ఉద్యోగం వచ్చాక కూడా బండి నడపలేని పరిస్థితి అది.

10. ప్రమాదం జరిగితే మొదటి గంట

మొదట ఇంకో ప్రమాదం జరగకుండా చూడండి. చుట్టూ గుమిగూడే జనాన్ని రోడ్డు దించి, ఇద్దరిని వెనక వంద మీటర్ల దూరం పంపి ఫోన్ టార్చి ఊపుతూ బండ్లను నిదానం చేయించండి.

తర్వాత ఫోన్. అంబులెన్స్‌కు 108, పోలీసులకు 112, జాతీయ రహదారి మీదైతే 1033. చోటు చెప్పేటప్పుడు "కావలి దాటాక" అని వదిలేయకుండా, కిలోమీటరు రాయి అంకె, దగ్గరి 200 మీటర్ల రాయి అంకె, నెల్లూరు వైపు పోయే రోడ్డా ఒంగోలు వైపు పోయే రోడ్డా చెప్పండి. డివైడర్ ఉన్న రోడ్డు మీద పక్క తప్పు చెబితే అంబులెన్స్ కిలోమీటర్లు తిరగాల్సి వస్తుంది.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టండి, మధ్యమధ్యలో తీసి చూడొద్దు. ఊపిరి ఆడుతున్నంత వరకు హెల్మెట్ లాగొద్దు, మెడ వంచొద్దు. స్పృహ లేనివాళ్లకు నీళ్లు తాగించొద్దు. ఇది మన దగ్గర దయతోనే చేసే పని, కానీ ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తాయి. మంటలు, లారీ కింద ఇరుక్కోవడం లాంటివి లేకపోతే మనిషిని ఆటోలో కుక్కి తీసుకుపోకుండా అంబులెన్స్ కోసం ఆగండి. అంబులెన్స్ రావడం బాగా ఆలస్యమయ్యేటట్టుంటే నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా పట్టుకుని ఎత్తండి.

"కేసుల్లో ఇరుక్కుంటాం" అనే భయంతో చూస్తూ నిలబడేవాళ్లకు ఒక మాట. సుప్రీంకోర్టు 2016లోనే సహాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చింది. తర్వాత మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షనుగా అది చేరింది. మీరు పేరు చెప్పాల్సిన పని లేదు, ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సిన పని లేదు, మనిషిని అప్పగించి వెళ్లిపోవచ్చు. సాక్ష్యం చెప్పడం మీ ఇష్టం.

బండి నడిపిన డ్రైవరు పారిపోకూడదు. జనం కొడతారనే భయం నిజమే అయితే నేరుగా దగ్గరి పోలీసు స్టేషనుకు పోవాలి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, 24 గంటల్లోగా పోలీసులకు తెలియజేయడం చట్టం ప్రకారం అతని బాధ్యత.

ఇంటివాళ్లకు తెలియాల్సిన డబ్బు సంగతులు మూడు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేని వైద్యం పథకం ఉంది. అది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి, అందుకే స్టేషనులో వెంటనే తెలియజేయండి. రెండోది, గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే చనిపోయినవారి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్ర గాయాలైతే 50,000 రూపాయలు వస్తాయి. ఆర్డీవో లేదా తహశీల్దారు కార్యాలయంలో అడగండి. మూడోది, వాహనం తెలిస్తే పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. చట్టంలో ఆరు నెలల గడువు రాసి ఉంది, దుఃఖంలో ఉన్నా కుటుంబంలో ఒకరు ఈ పని మీద ఉండాలి. ఎఫ్‌ఐఆర్ నకలు, ఆసుపత్రి బిల్లులు, ప్రమాద స్థలం ఫోటోలు, ఆ బండి నంబరు ప్లేటు ఫోటో మొదటి రోజు నుంచే ఒక కవరులో పెట్టండి.

11. ఒకే చోట మళ్లీ మళ్లీ జరుగుతుంటే

ఒక అర కిలోమీటరు పరిధిలో మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలు జరిగినా, పదిమంది చనిపోయినా దాన్ని ప్రమాద స్థలంగా గుర్తించి బాగు చేయాలని కేంద్ర నిబంధన చెబుతుంది. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. అందుకని పంచాయతీ తీర్మానంతో అర్జీ రాయండి.

అర్జీలో "మా ఊరి దగ్గర ప్రమాదాలు జరుగుతున్నాయి" అని మాత్రమే రాస్తే అది ఫైలులో మునిగిపోతుంది. కిలోమీటరు రాయి అంకెలు రాయండి. గత మూడేళ్లలో జరిగిన ప్రమాదాల తేదీలు, ఎఫ్‌ఐఆర్ నంబర్లు వరసగా రాయండి. బడి వదిలే వేళ, పాల కేంద్రం వేళ ఎంతమంది దాటుతున్నారో రెండు రోజులు లెక్క తీసి రాయండి. అడిగేది స్పష్టంగా ఉండాలి: లైటు కావాలా, అండర్‌పాస్ కావాలా, అక్రమంగా పగిలిన డివైడర్ మూయాలా, బస్టాపును వంపు దగ్గర నుంచి జరపాలా. పగటి ఫోటో, రాత్రి ఫోటో రెండూ జత చేయండి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. హైవే అధికారుల కార్యాలయానికి, పోలీసు స్టేషనుకు నకళ్లు పంపండి. రెండు నెలలకోసారి ఆ నంబరుతో ఏమైందో కనుక్కునే పనిని ఊళ్లో ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి.